సరిహద్దు కొలవడానికి వచ్చి బంగారం చూసినవాడు: గోల్డ్‌ఫీల్డ్‌లో ఒక పూట నడక

మన నంగలి చిన్న ఊరే కానీ పేరు మాత్రం చాలా పాతది. హొయ్సళ రాజు విష్ణువర్ధనుడు తాను గెలిచిన చోట్లను బిరుదుల్లో వరుసగా చెప్పుకున్నాడు. తలకాడు, కొంగు, నంగలి, గంగవాడి, నొళంబవాడి అని ఆ వరుస సాగుతుంది. ఆయన రాజ్యానికి తూర్పు హద్దు నంగలి కనుమ అని శాసనాలు చెబుతాయి. ఇది పన్నెండో శతాబ్దం నాటి మాట. రాజులు పోయారు, సుల్తానులు పోయారు, ఇంగ్లీషువాళ్లు పోయారు, హద్దు మాత్రం దాదాపు అక్కడే ఉంది. ఇప్పటికీ మన ఊరు దాటి హైవే మీద కొంచెం దూరం పోతే ఆంధ్ర వస్తుంది. ఇంట్లో తెలుగు, బస్సు బోర్డు మీద కన్నడ, పలమనేరు పోతే మళ్లీ తెలుగు. మనకిది వింత కాదు.

ఈ హద్దు గురించి ఎందుకు మొదలుపెట్టానంటే, కోలారు బంగారు గనుల కథ కూడా హద్దు దగ్గరే మొదలైంది. 1799లో శ్రీరంగపట్నంలో టిప్పు సుల్తాన్ చనిపోయాక ఇంగ్లీషువాళ్లు మైసూరు రాజ్యాన్ని ఒడయర్లకు ఇచ్చారు. ఇచ్చిన రాజ్యం ఎక్కడి నుంచి ఎక్కడిదాకా అని కొలవాలి కదా. ఆ సర్వే పనికి పెద్ద కాలిన్ మెకంజీ. తెలుగు వాచకాల్లో మనం కైఫియత్తుల గురించి చదివేటప్పుడు వచ్చే మెకంజీ ఈయనే. ఆయన కింద పనిచేసిన వాళ్లలో జాన్ వారెన్ అనే లెఫ్టినెంటు ఒకడు. పుట్టుకతో ఫ్రెంచివాడు, ఉద్యోగం ఇంగ్లీషు సైన్యంలో 33వ రెజిమెంటులో. 1802లో మైసూరు తూర్పు హద్దు కొలుస్తూ ఎర్రకొండ గుట్టల దగ్గరికి వచ్చినప్పుడు, ఈ చుట్టుపక్కల మట్టిలో బంగారం దొరుకుతుందని విన్నాడు. విని ఊరుకోలేదు, ఊరిగాం పోయి చూశాడు. ఆడవాళ్లు పొలంలో మట్టి ఎత్తి, నీళ్లలో కడిగి, అడుగున మిగిలిన రేణువులు చూపించారు. ఆ తర్వాత మారికుప్పంలో ఇంకో సంగతి చూశాడు. అక్కడ ముప్పై, నలభై అడుగుల లోతు గుంటల్లో దిగి మగవాళ్లు రాయి తవ్వుతున్నారు. గంపలు చేతి మీద చేతి మీదగా పైకి వస్తున్నాయి. ఆడవాళ్లు ఆ రాయిని బండమీద నూరి కడుగుతున్నారు. ఊళ్లో అందరూ దూరం పెట్టే కులంవాళ్లే ఆ పని చేసేవాళ్లు.

కాబట్టి కోలారు బంగారాన్ని వారెన్ కనిపెట్టాడని రాయడం సరికాదు. ఆయన చూశాడు, రాశాడు. కనిపెట్టినవాళ్లు గుంటలో ఉన్నారు. వాళ్ల పేర్లు ఎవరూ రాయలేదు. ఈ వారెనే తర్వాత మద్రాసు అబ్జర్వేటరీలో పనిచేసి, దక్షిణాది పంచాంగాల లెక్కల మీద 'కాల సంకలిత' అనే పెద్ద పుస్తకం 1825లో అచ్చు వేయించాడు. మన తిథులు, వారాలు ఎట్ల లెక్కగడతారో అంత శ్రద్ధగా తెలుసుకున్న మనిషి, గుంటలో దిగిన ఒక్కరి పేరైనా అడిగి రాసుంటే ఎంత బాగుండేది అనిపిస్తుంది.

'కె.జి.యఫ్' సినిమా వచ్చినప్పటి నుంచి బయట ఊరివాళ్లకు మన జిల్లా అంటే యశ్ గుర్తొస్తాడు. సినిమా బాగుంది, మేమూ చూశాం. దాని షూటింగ్ నిజంగానే అక్కడి సైనైడ్ గుట్టల మీద జరిగింది. కానీ కథ మాత్రం కల్పన. అసలు కథ చూడాలంటే టికెట్టు అక్కర్లేదు. ఒక ఆదివారం, నీళ్ల సీసా, తలకు గుడ్డ, రెండు కాళ్లు చాలు. గైడు కూడా అవసరం లేదు. ఊరిగాం రైల్వే స్టేషన్ నుంచి దక్షిణంగా చాంపియన్ రీఫ్స్ మీదుగా మారికుప్పం స్టేషన్ దాకా నడిస్తే, దారిలో కాలేజీలు, పరిశోధన సంస్థ, ఆసుపత్రి, బంగళాలు, మైదానాలు, గుట్టలు అన్నీ వస్తాయి. నిదానంగా చూసుకుంటూ పోతే ఒక పూట పడుతుంది. దారి తప్పే భయం లేదు. రైలు పట్టాలు, పాత షాఫ్టుల ఇనుప చట్రాలు గుర్తు పెట్టుకుంటే చాలు.

నంగలి నుంచి పోయేవాళ్లు ముళబాగిలు, బేతమంగల మీదుగా పోతారు. బేతమంగలలో బస్సు కిటికీలోంచి చెరువు చూడండి. పాలారు మీద ఉన్న నీళ్లు ఇవి. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఇక్కడి నుంచే గనులకు నీళ్లు పంపారు. బంగారానికి ఇంత నీళ్లెందుకు అనుకోవచ్చు. రాయిని పిండి చేసి కడగడమే ఆ పనిలో పెద్ద భాగం. మారికుప్పం ఆడవాళ్లు దోసిలి నీళ్లతో చేసిన పనినే కంపెనీలు నదితో చేశాయి.

ఊరిగాం స్టేషన్‌లో దిగగానే ఈ రైలు దారి గురించి ఒక్క మాట. 1890ల్లో మెయిన్ లైను మీది బౌరింగ్‌పేట నుంచి గనులకు ఈ కొమ్మ వేశారు. లెవిన్ బౌరింగ్ అనే ఇంగ్లీషు కమిషనర్ మైసూరును పాలించిన రోజులను బట్టి ఆ పేరు పెట్టారు. జనం నోట్లో అదే బంగారపేట అయింది. మన తెలుగువాళ్లు చాలామంది బంగారం ఉంది కాబట్టి బంగారపేట అనుకుంటారు. అర్థం తప్పయినా, పక్కనున్న గనులకు సరిగ్గా అతికిపోయింది.

ఊరిగాంలో మొదట చూడవలసింది చదువుల చోట్లు. ఇక్కడ స్కూల్ ఆఫ్ మైన్స్ ఉంది, గనుల డిప్లొమా చెప్పే బడి. గోల్డెన్ వ్యాలీ అనే పేరుతో మొదలై ఇప్పుడు డాక్టర్ టి. తిమ్మయ్య పేరు పెట్టుకున్న ఇంజనీరింగ్ కాలేజీ కూడా ఈ వైపే. గని మూతపడ్డ ఊళ్లో గనుల చదువు ఇంకా నడుస్తోందా అని ఆశ్చర్యపడకండి. ఇక్కడ చదివినవాళ్లకు పని ఇక్కడే దొరకాలని లేదు. రాయచూరు జిల్లాలో హట్టి బంగారు గని ఉంది, తెలంగాణలో సింగరేణి బొగ్గు ఉంది. గని చచ్చిపోయినా పనితనం వేరే ఊరికి పోయి బతుకుతుంది. ఊరి అవతల బి.ఇ.ఎం.ఎల్ ఫ్యాక్టరీ కూడా అట్లాంటిదే. 1964లో మొదలైన ఆ ప్రభుత్వ సంస్థ బుల్డోజర్ల వంటి మట్టి తవ్వే పెద్ద యంత్రాలు చేస్తుంది. మన నడక దారి దానికి దూరం, కాబట్టి పేరు చెప్పి వదిలేస్తున్నాను.

ఊరిగాం చెట్ల నీడలో నడుస్తుంటే పాత బంగళాలు కనిపిస్తాయి. పెద్ద వరండాలు, వాలు పైకప్పులు, ముందు తోట. ఇంగ్లండులోని కార్న్‌వాల్ ప్రాంతం నుంచి తగరం గనుల పనివాళ్లు ఇక్కడికి వచ్చారు. వాళ్ల మేస్త్రీలను 'క్యాప్టెన్' అని పిలిచేవాళ్లు. చల్లటి గాలి, క్లబ్బు, గోల్ఫ్ మైదానం, చర్చి, అన్నీ చూసి ఈ ఊరిని 'లిటిల్ ఇంగ్లండ్' అన్నారు. ఇప్పటికీ పాత ఫోటోలు పెట్టి ఆ పేరుతోనే మురిసిపోయేవాళ్లున్నారు. నాకు ఆ పేరు నచ్చదు. ఎందుకంటే అదే ఊళ్లో, ఆ బంగళాలకు కొద్ది దూరంలోనే 'లైన్లు' ఉన్నాయి. లైను అంటే కూలివాళ్ల ఇళ్ల వరుస. మొదట తడికలు, రేకులు, తర్వాత గోడలు. చాలా ఇళ్లకు ఉన్నది ఒకటే గది. దాంట్లోనే వంట, పడక, పిల్లల చదువు. ఇప్పుడూ జనం ఆ లైన్లలో ఉంటున్నారు కాబట్టి, వాళ్ల వాకిట్లో నిలబడి ఫోటోలు తీయకండి. ఎవరి ఇంటి ముందైనా అట్ల చేస్తే మనకు బాగుంటుందా?

వారెన్ తర్వాత చాలా ఏళ్లు ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. మైకేల్ ఫిట్జెరాల్డ్ లావెల్ అనే ఐర్లండ్ సైనికుడు న్యూజిలాండ్‌లో యుద్ధం చేసి, అక్కడి బంగారు తవ్వకాలు చూసి బెంగళూరుకు వచ్చాడు. వారెన్ రాసింది చదివి 1871లో కోలారు వైపు వచ్చాడు. మైసూరు ప్రభుత్వాన్ని అడిగి 1875లో 20 ఏళ్ల లీజు తెచ్చుకున్నాడు. కానీ గని తవ్వాలంటే ఒక మనిషి జేబు చాలదు. హక్కులు చేతులు మారాయి. 1880 నాటికి లండన్‌లోని జాన్ టేలర్ అండ్ సన్స్ కంపెనీ వచ్చింది. మొదట్లో వాళ్లకూ ఏమీ దొరకలేదు. మైసూరు కంపెనీ డబ్బు అయిపోవచ్చింది, గని మూసేద్దామనే మాట కూడా వచ్చింది. 1883లో క్యాప్టెన్ ప్లమ్మర్ పాతకాలం గుంటల అడుగుకు దిగి, అక్కడి నుంచి ఇంకా కిందికి తవ్వించాడు. అప్పుడు దొరికిందే చాంపియన్ రీఫ్ అనే బంగారు రాతి పొర. మళ్లీ గమనించండి, ఆ కంపెనీని కాపాడింది పాతవాళ్లు తవ్వి వదిలిన గుంటలే. ఎక్కడ తవ్వాలో చెప్పిన మ్యాపు అవే.

ఇక చాంపియన్ రీఫ్స్ వైపు నడవండి. దారిలో కరెంటు స్తంభాలు కనిపిస్తే ఒక నిమిషం ఆగండి. 1902 జూన్‌లో కావేరి మీది శివనసముద్రం జలపాతం నుంచి ఈ గనులకు కరెంటు వచ్చింది. 147 కిలోమీటర్ల తీగ. ఆ రోజుల్లో అంత దూరం కరెంటు మోసిన లైన్లు ప్రపంచంలోనే చాలా తక్కువ. ఈ పథకానికి పట్టుబట్టిన దివాన్ కె. శేషాద్రి అయ్యర్ అది చూడకముందే 1901లో చనిపోయారు. బెంగళూరు వీధుల్లో కరెంటు దీపం వెలిగింది 1905లో. అంటే రాజధాని కంటే మూడేళ్లు ముందు మన జిల్లా గనికి కరెంటు వచ్చింది. మన పల్లెలకు రావడానికి ఇంకా ఎన్ని దశాబ్దాలు పట్టిందో మన అవ్వతాతలను అడిగితే చెబుతారు. కరెంటు మొదట జనానికి రాలేదు, బంగారానికి వచ్చింది.

చాంపియన్ రీఫ్స్‌లో గిఫర్డ్ షాఫ్టు ఇనుప చట్రం దూరానికే కనపడుతుంది. దాని మీద పెద్ద చక్రాలు ఉంటాయి. ఆ చక్రాల మీద తిరిగే ఇనుప తాడుకు వేలాడే బోనులో మనుషులు కిందికి దిగేవాళ్లు. చాంపియన్ రీఫ్ గని లోతు సుమారు 3.2 కిలోమీటర్లు. నంగలి చెరువు కట్ట మీద నిలబడి మూడు కిలోమీటర్ల అవతల ఒక చెట్టు చూడండి. ఆ దూరాన్ని నిలువుగా భూమిలోకి తిప్పితే ఎంతో అంత. అక్కడ రాయి వేడి 60 డిగ్రీలు దాటుతుంది. చల్లగాలి యంత్రాలు పెట్టి గాలి పంపకపోతే మనిషి నిలవలేడు. ఇంకో ప్రమాదం రాతి పేలుడు. అంత లోతులో పైనున్న బరువంతా రాయిని నొక్కుతుంటుంది. మధ్యలో తవ్వి ఖాళీ చేస్తే ఆ ఒత్తిడి పక్క రాతి మీదికి మారుతుంది. ఒక్కోసారి ఆ రాయి తట్టుకోలేక బాంబులాగ పగులుతుంది. పైన ఇళ్లల్లో గిన్నెలు కదిలేవి, గోడలు బీటలిచ్చేవి. ఇళ్లలో ఉన్న ఆడవాళ్లకు ఆ శబ్దం వినగానే, ఏ షిఫ్టులో ఎవరున్నారో లెక్క పెట్టుకోవడమే మొదటి పని.

ఈ రాతి పేలుళ్ల వల్లనే చాంపియన్ రీఫ్స్‌లో ఒక పరిశోధన సంస్థ పుట్టింది. దాని పేరు నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ రాక్ మెకానిక్స్, 1988లో మొదలైంది. రాయి ఎంత బరువు మోస్తుంది, ఎప్పుడు పగులుతుంది అని చదివే సంస్థ. సొరంగాలు, ఆనకట్టలు కట్టేటప్పుడు దేశమంతటా వీళ్ల సలహా అడుగుతారు. ప్రధాన కార్యాలయం తర్వాత బెంగళూరుకు మారింది. ఇక్కడి కూలివాళ్ల ప్రాణాలు తీసిన రాయే దేశానికి పాఠం చెప్పింది.

నాకు ఈ నడకలో అన్నిటికంటే ఇష్టమైన చోటు మాత్రం కంటికి కనిపించదు. అది చాంపియన్ రీఫ్ గనిలో హీత్‌కోట్ షాఫ్టు అడుగున, 2.3 కిలోమీటర్ల లోతులో ఉండేది. ఆకాశం నుంచి ఎప్పుడూ కాస్మిక్ కిరణాలు భూమి మీద పడుతుంటాయి. కొన్ని కణాలు రాతిని కూడా చీల్చుకొని పోతాయి. ఎంత లోతుకు ఎన్ని చేరతాయో కొలవడానికి హోమీ భాభా ప్రోత్సాహంతో బి.వి. శ్రీకంఠన్ అనే యువ శాస్త్రవేత్త 1951లో ఈ గనిలోకి దిగాడు. తర్వాత ఇంకా లోతుకు పోయారు. లోతుకు పోయేకొద్దీ మిగతా కణాలన్నీ రాయిలోనే ఆగిపోతాయి. ఆగనిది న్యూట్రినో ఒకటే. దానికి భూమి అడ్డమే కాదు. అందుకే న్యూట్రినోను చూడాలంటే మిగతా గోల లేని చోటు కావాలి. గని అడుగు కంటే నిశ్శబ్దమైన చోటు ఏముంది? 1965లో టాటా ఇన్‌స్టిట్యూట్ శాస్త్రవేత్తలు, జపాన్‌లోని ఒసాకా, ఇంగ్లండులోని డర్హామ్ శాస్త్రవేత్తలతో కలిసి, వాతావరణంలో పుట్టిన న్యూట్రినోల గుర్తులను ఇక్కడ పట్టుకున్నారు. ఎం.జి.కె. మీనన్ ఈ బృందంలో ముఖ్యుడు. దాదాపు అదే రోజుల్లో దక్షిణాఫ్రికాలో ఇంకో బంగారు గనిలో ఇంకో బృందం కూడా పట్టుకుంది. 1980ల్లో ప్రోటాన్ ఎప్పటికైనా విడిపోతుందా అని చూడటానికి మళ్లీ ఇక్కడే పెద్ద పరికరం పెట్టారు. మా సైన్సు పుస్తకంలో విదేశాల్లోని ప్రయోగశాలల బొమ్మలు ఉంటాయి. మన ఊరి నుంచి బస్సులో పోయే దూరంలో ప్రపంచస్థాయి ప్రయోగం జరిగిందని ఆ పుస్తకంలో ఒక్క వాక్యం ఉంటే పిల్లలు పాఠం నిద్రపోకుండా వింటారు.

ఆ పరికరాలను కిందికి మోసిందీ, బోను నడిపిందీ, రాయి పడకుండా కర్రలు పెట్టిందీ గని కార్మికులే. శాస్త్రవేత్తల పేర్లు పత్రికల్లో ఉన్నాయి. వీళ్ల పేర్లు హాజరు పట్టీల్లో నంబర్లుగా ఉన్నాయి.

పేర్ల సంగతి వచ్చింది కాబట్టి చెబుతాను. ఈ నడకలో చదివే బోర్డులన్నీ చూడండి: గిఫర్డ్, హీత్‌కోట్, రాబర్ట్‌సన్‌పేట, ఆండర్సన్‌పేట. అన్నీ దొరల పేర్లే. కార్మికుల్లో ఎక్కువమంది ఉత్తర ఆర్కాటు, చిత్తూరు వైపు నుంచి వచ్చిన పేదలు, వాళ్లలో చాలామంది దళితులు. తమిళం మాట్లాడేవాళ్లు ఎక్కువ, తెలుగువాళ్లూ చాలామందే. ఒకప్పుడు పాతిక వేల మందికి పైగా పనిచేసేవాళ్లు. బంగారం దొంగతనం పోతుందని కంపెనీలకు ఎప్పుడూ అనుమానం. 1930లో ప్రతి కార్మికుడి వేలిముద్ర తీసి రిజిస్టరు చేస్తామన్నారు. వేలిముద్ర అంటే ఆ రోజుల్లో దొంగల దగ్గర పోలీసులు తీసుకునేది. మేమేమన్నా దొంగలమా అని గనులన్నీ ఒక్కసారి ఆగిపోయాయి. సమ్మె రోజుల తరబడి సాగింది. అప్పటికి వాళ్లకు బలమైన యూనియన్ కూడా లేదు. జీతం కోసం కాకుండా మర్యాద కోసం ఇంతమంది పని మానేశారంటే, బోనులో దిగే మనిషి లోపల ఏముందో తెలుస్తుంది.

ఇంకొంచెం వెనక్కి పోతే, మారికుప్పంలో ఇరవయ్యో శతాబ్దం మొదటి ఏళ్లలోనే అయోతీ దాస్ పండితుడి బౌద్ధ సంఘానికి శాఖ ఉంది. కులం పేరుతో దూరం పెట్టినవాళ్లు బుద్ధుడి దగ్గర తమ చరిత్ర వెతుక్కున్నారు. 1954లో అంబేద్కర్ ఈ ఊరికి వచ్చారు. ఆయన నాగపూరులో బౌద్ధం తీసుకున్నది 1956లో. అంటే ఆ ఆలోచన ఇక్కడి లైన్లలో అప్పటికే యాభై ఏళ్ల నాటిది.

చాంపియన్ రీఫ్స్ ఆసుపత్రి భవనం ముందు నుంచి పోతారు. గని కంపెనీ ఆసుపత్రి ఇది, ఒకప్పుడు చాలా పేరున్నది. రాయిలో ఉండే సిలికా దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరితే సిలికోసిస్ వస్తుంది. పోయేది కాదు. మెట్లు ఎక్కలేరు, దగ్గు ఆగదు, కొన్నాళ్లకు క్షయ కూడా తోడవుతుంది. 1940 నుంచి 1946 వరకు ఇక్కడ 7,653 మంది కార్మికులను పరీక్ష చేస్తే 43.7 శాతం మందికి సిలికోసిస్ ఉందని తేలింది. డాక్టరు చదువు చదివేవాళ్ల పుస్తకాల్లో ఈ లెక్క ఇప్పటికీ ఉంటుంది. వందలో 43 మంది. మా తరగతిలో వరుసగా కూర్చున్న పిల్లల్ని లెక్కపెట్టి చూశాను. ఇద్దరిని వదిలితే మూడోవాడు, మళ్లీ ఒకరిని వదిలితే ఇంకొకడు. అంకె అప్పుడు అర్థమైంది.

అక్కడి నుంచి గుట్టలు. ఈ నడకలో పార్కు అంటే ఇవే. ఊరి మధ్యలో, ఊరి పక్కన తెల్లగా, బూడిద రంగుగా, పైన చదునుగా ఉండే సైనైడ్ గుట్టలు. బయటివాళ్లు వీటిని చూసి నిజం కొండలనుకుంటారు. ఇవి కొండలు కావు, కొండంత పిండి. రాయిని మిల్లులో దంచి పిండి చేసి, సైనైడ్ కలిపిన నీళ్లలో నానబెడతారు. సైనైడ్ బంగారాన్ని కరిగిస్తుంది. ఆ నీళ్లలో జింకు వేస్తే బంగారం మళ్లీ వేరుపడుతుంది. 1887లో స్కాట్లండ్‌లో కనిపెట్టిన పద్ధతి ఇది. బంగారం తీసేశాక మిగిలిన పిండిని తెచ్చి ఇక్కడ పోశారు. అట్ల నూరేళ్లకు పైగా పోస్తే ఇన్ని గుట్టలయ్యాయి. సుమారు 3 కోట్ల 30 లక్షల టన్నులని లెక్క.

లెక్కలు ఇష్టమైనవాళ్లకు ఇంకొకటి. ఈ గనుల్లో నూట ఇరవై ఏళ్లలో తీసిన బంగారం సుమారు 800 టన్నులు, తవ్విన బంగారు రాయి 5 కోట్ల టన్నులకు పైన. భాగిస్తే టన్ను రాయికి 16 గ్రాముల లోపు. మొదట్లో దీనికంటే ఎన్నో రెట్లు ఎక్కువ వచ్చేది, చివరి రోజుల్లో నాలుగైదు గ్రాములకు పడిపోయింది. ఒక ఉంగరానికి సరిపడే బంగారం కోసం టన్ను రాయిని మూడు కిలోమీటర్లు పైకి తేవాలి. గని ఎందుకు మూతపడిందో వేరే వివరించక్కర్లేదు.

గుట్టల మీద కొన్నిచోట్ల చెట్లు, గడ్డి పెంచే ప్రయత్నం చేశారు. ఎక్కడ పచ్చదనం నిలిచిందో అక్కడ మట్టి కదలదు. నిలవని చోట ఎండాకాలం గాలి లేస్తే తెల్లటి దుమ్ము లైన్ల మీదికి పోతుంది. అన్నం గిన్నెలో పడుతుంది, ఆరేసిన బట్టల మీద పడుతుంది. వానాకాలం కాలువలుగా కోసుకొని దిగువకు పారుతుంది. సాయంత్రం ఎండలో ఫోటోకు ఈ గుట్టలు చాలా అందంగా ఉంటాయి, ఆ మాట ఒప్పుకోవాలి. పిల్లలు క్రికెట్ ఆడతారు, పెళ్లి ఫోటోలు తీస్తారు. కానీ గాలి రోజు పోకండి. పోయినా ముక్కుకు గుడ్డ కట్టుకోండి. పాత షాఫ్టుల దగ్గరికి, మూసిన గోడల లోపలికి అస్సలు పోకండి. ఆ స్థలం ఇంకా ప్రభుత్వ కంపెనీదే. పైగా లోపలంతా నీళ్లు నిండిన గుంటలు.

ఈ గుట్టలను చూడాలనుకునేవాళ్లు తొందరపడాలి. 1956లో మైసూరు ప్రభుత్వం గనులను తీసుకుంది. 1962లో అవి కేంద్రానికి పోయాయి. 1972లో భారత్ గోల్డ్ మైన్స్ లిమిటెడ్ అయింది. 2001 ఫిబ్రవరి 28న మూతపడింది. పంపులు ఆగాయి, నీళ్లు నిండాయి. ఇప్పుడు మళ్లీ గుట్టల వంతు. ఆ పిండిలో టన్నుకు ఒక గ్రాము కూడా లేని బంగారం మిగిలి ఉంది. అప్పట్లో తీయలేని దాన్ని ఇప్పటి పద్ధతులతో తీయొచ్చు. అంత తక్కువైనా 3 కోట్ల టన్నుల్లో కలిపితే ఇరవై టన్నులు దాటుతుంది. సుమారు వెయ్యి ఎకరాల్లో ఉన్న 13 గుట్టలను మళ్లీ తవ్వాలన్న కేంద్రం ఆలోచనకు 2024 జూన్‌లో కర్ణాటక మంత్రివర్గం ఒప్పుకుంది. తవ్వితే ఉద్యోగాలు వస్తాయని కొందరి ఆశ. దుమ్ము ఇంకా లేస్తుందని కొందరి భయం. రెండూ న్యాయమే. నన్నడిగితే, మొదట అడగవలసింది లైన్లలో ఉండేవాళ్లను. గుట్ట తీసేస్తే ఆ చోట ఏం వస్తుంది, మిగిలే పిండి ఎక్కడ పోస్తారు, కాపలా ఉద్యోగం తప్ప ఇంకేమన్నా స్థానికులకు ఇస్తారా అని రాసి చూపించాలి. నూరేళ్ల దుమ్ము మింగినవాళ్లకు ఆ మాత్రం హక్కుంది.

గుట్టలు దాటితే మారికుప్పం. వారెన్ గుంటలు చూసిన ఊరు ఇదే, ఆ తర్వాత మైసూరు మైన్ నడిచిన చోటు. ఇప్పుడు ఇది రైలు దారికి చివరి స్టేషన్. పట్టాలు ఇక్కడితో ఆగిపోతాయి. సాయంత్రం కొంచెంసేపు ప్లాట్‌ఫారం బెంచీ మీద కూర్చోండి, కాళ్లకు విశ్రాంతి. బెంగళూరు నుంచి రైలు వస్తుంది. దాంట్లోంచి దిగేవాళ్లు గార్మెంట్ ఫ్యాక్టరీల్లో, ఆఫీసుల్లో, ఆసుపత్రుల్లో, కట్టడాల దగ్గర పనిచేసి వచ్చేవాళ్లు. చాలామంది గనిలో దిగినవాళ్ల కొడుకులు, కూతుళ్లు, మనవళ్లు. తెల్లవారకముందే లేచి, క్యారియర్ కట్టుకొని, ఇదే రైల్లో పోయి ఇదే రైల్లో తిరిగి వస్తారు. తాతలకు షిఫ్టు సైరన్ ఎట్లనో వీళ్లకు ఈ రైలు కూత అట్ల. నంగలి పోవలసినవాళ్లు మాత్రం రాబర్ట్‌సన్‌పేట బస్టాండుకు పోయి ముళబాగిలు బస్సు పట్టుకోవాలి. ఆఖరి బస్సు ఎప్పుడో ముందే కనుక్కొని పెట్టుకోండి.